వానాకాలంలో హైదరాబాద్ నుంచి విశాఖకు ఇల్లు మార్పు: పట్టుచీరలు, బూట్లు, గిల్టు నగలు ఎలా సర్దాలి?

కొత్త_ఇల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జూలై రెండో వారంలో కూకట్‌పల్లి నుంచి విశాఖకు ఇల్లు మారుతున్నాం. సామాను ప్యాకర్ల లారీలో పార్ట్ లోడ్‌గా, అంటే వేరేవాళ్ల సామానుతో కలిసి వెళ్తుంది. చేరడానికి 3, 4 రోజులు పడుతుందంటున్నారు. మేం రైల్లో వెళ్తాం.

వంటసామాను, ఫర్నిచర్ వాళ్లకే వదిలేశాం. బట్టలు మాత్రం మేమే సర్దుకోవాలనుకుంటున్నాం. ఉన్నవి ఇవి: పట్టుచీరలు 40 దాకా (కంచి, ధర్మవరం, గద్వాల, వాటిలో 4 పాత టిష్యూ చీరలు), గంజి పెట్టిన నూలు చీరలు, 3 సూట్లు, ఒక షేర్వాణీ, అందరివీ కలిపి 22 జతల బూట్లు చెప్పులు, హ్యాండ్‌బ్యాగులు, బెల్టులు, గిల్టు నగల సెట్లు, లాడ్ బజార్ లక్క గాజులు.

నా సందేహాలు: బట్టలు స్టీలు బీరువాలోనే ఉంచి తాళం వేసి పంపొచ్చా? ఎన్ని పెట్టెలు కావాలి, ఏ సైజువి? వాక్యూమ్ కవర్లలో పట్టుచీరలు పెట్టొచ్చా? తేమకు, పురుగుకు ఏం చేయాలి? ఇంట్లో 8 నెలల పాప ఉంది కాబట్టి కలరా ఉండల విషయంలో భయంగా ఉంది.

లారీ_లోడింగ్

బీరువా ఖాళీ చేయాల్సిందేనండి. మెట్ల మీద దాన్ని ఏటవాలుగా దించుతారు, లారీలో ఒక్కోసారి వెల్లకిలా పడుకోబెడతారు. లోపల బట్టలుంటే ఆ బరువంతా తలుపుల మీదికో ఒక మూలకో వాలి బందులు వంగుతాయి. కొత్త ఇంట్లో నిలబెట్టాక తలుపు సరిగ్గా పడదు, తాళం తిరగదు. పైగా బీరువా పూర్తిగా మూసుకునేది కాదు. తలుపుల సందుల్లోంచి వాన నీళ్లు లోపలికి దిగితే అడుగు అరలో నిలుస్తాయి. ఖాళీ చేశాక లాకరు, దాని వెనక ఉండే రహస్య అర, సొరుగుల కింది భాగం చేత్తో తడిమి చూడండి. తర్వాత తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. తలుపుకు అద్దం ఉంటే దాని మీద దుప్పటి కట్టించండి.

పెట్టెలు రెండే సైజులు చాలు. 18 × 12 × 12 అంగుళాల చిన్నవి చీరలకు, బూట్లకు, జీన్సుకు. 18 × 18 × 18 పెద్దవి చొక్కాలకు, పిల్లల బట్టలకు, తువ్వాళ్లకు, స్వెటర్లకు. పెద్దదాని నిండా చీరలు పెడితే 25 కిలోలు సులువుగా దాటుతుంది. ఎత్తేటప్పుడు అడుగు తెరుచుకునేవి ఇలాంటివే. ఏ పెట్టే 15 కిలోలు దాటకూడదు. మీరు బరువు చూసుకునే మిషను మీద పెట్టి చూడండి, అంచనాల మీద వదలొద్దు.

అట్ట 5 పొరలది అడగండి. 3 పొరలది ఊళ్లో మార్పుకు సరిపోతుంది కానీ పార్ట్ లోడ్‌కు ఆగదు, ఎందుకంటే గోడౌన్‌లో దింపి మళ్లీ ఎక్కించడం ఉంటుంది. ఇంకొక కారణం, బట్టలు మెత్తన. పైన పెట్టిన పెట్టె బరువును అవి మోయవు, అట్ట గోడలే మోయాలి. అందుకే సగం నింపిన బట్టల పెట్టె కుంగిపోయి, దాని మీదున్న వరసంతా ఒరిగిపోతుంది. అంచు దాకా నింపండి. ఖాళీ మిగిలితే తువ్వాళ్లు కుక్కండి.

టేపు 48 మిల్లీమీటర్ల వెడల్పుది. అడుగున మధ్య చీలిక మీద రెండు వరసలు, రెండు పక్క అంచుల మీద ఒక్కొక్కటి, చివర్లు గోడల మీదికి 3 అంగుళాలైనా ఎక్కాలి. నాలుగు రెక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి టేపు వేయకుండా వదిలే అలవాటు కొందరికి ఉంది. బట్టల బరువుకు అది నిలవదు.

పెట్టె మీద ఏ గదిదో, దాని నంబరు, మొత్తం ఎన్నో రాయండి: "పడకగది 3/18" అని. మూడు పక్కలా రాయాలి, ఎలా పేర్చినా కనపడాలి. లోపలేముందో నోటుపుస్తకంలో మాత్రమే ఉండాలి. "పట్టుచీరలు", "నగలు" అని పెట్టె మీద ఎప్పుడూ రాయకండి.

మీ లెక్కకు పట్టుచీరలకు 5 చిన్నవి, బూట్లకు 3, నూలు చీరలు జీన్సుకు 4, మిగతావాటికి 6 పెద్దవి. ఇంకో రెండు అదనంగా అడగండి. ఖాళీ పెట్టెలు పది రోజుల ముందే ఇమ్మని ప్యాకర్లను అడిగితే ఇస్తారు. వచ్చాక వాటిని బాల్కనీలో పెట్టొద్దు. తేమ పీల్చిన అట్ట సగం బలం పోగొట్టుకున్నట్టే.

దుప్పట్లో మూట కట్టడం గురించి కూడా ఒక మాట. లోడింగ్ చేసేవాళ్లు మూటను మెత్తటి అడ్డుగా వాడతారు. ఫ్రిజ్‌కీ మంచానికీ మధ్య దూర్చేస్తారు. పాత దుప్పట్లకు, పరుపు గలేబులకు ఫరవాలేదు, కట్టుకునే బట్టలకు వద్దు.

నేత_చీర

పట్టుచీరల గురించి కొంచెం వివరంగా చెప్తాను. వాటికి వచ్చే నష్టం ఒకసారి వచ్చిందంటే బాగుచేయడం కుదరదు.

జరీ అంటే వెండి లేదా రాగి తీగ మీద బంగారు రంగు. తేమ, చెమట, సెంటు, గంధకం ఉన్న వస్తువులు ఏవి తగిలినా నల్లబడుతుంది. గంధకం అనగానే ఇంట్లో ఏముంటుందిలే అనుకోకండి, రబ్బరు బ్యాండు చాలు. చీర మీద రబ్బరు బ్యాండు వేసి సర్దడం చాలా ఇళ్లలో చూస్తాం, ఆ గీత జరీ మీద నల్లగా నిలిచిపోతుంది. కట్టాలంటే నూలు నాడా వాడండి.

సర్దే ముందు: ఒకసారైనా కట్టిన చీరను అలాగే పెట్టకండి. ఫ్యాను గాలికి నీడలో రెండు మూడు గంటలు ఆరబెట్టండి. డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాల్సినవి సర్దడానికి పది రోజుల ముందే ఇవ్వండి. తిరిగొచ్చాక ప్లాస్టిక్ కవరు తీసేసి, ఆ మందు వాసన పోయేదాకా గాలికి ఉంచండి. ఇస్త్రీ చేసిన చీర వేడి పూర్తిగా చల్లారాకే మడత పెట్టాలి. వేడి మీద మూసేస్తే ఆ ఆవిరి లోపలే ఉంటుంది. ఫాల్, పికో కోసం టైలరు దగ్గరున్నవి తెచ్చుకోవడం మరవకండి.

మడత: ఇన్నాళ్లూ ఉన్న మడత మీదే మళ్లీ మడవకండి. పాత గీతకు రెండు అంగుళాలు పక్కకు జరపండి. పట్టు చివికేది మడత గీత మీదే. పల్లూ జరీ లోపలికి వచ్చేలా, జరీకీ జరీకీ మధ్య పలుచటి నూలు గుడ్డ వచ్చేలా మడవాలి. ఆ తర్వాత చీరకొక నూలు గుడ్డ చుట్టండి. కొత్తగా కొనక్కర్లేదు, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె, పాత నూలు చీర ముక్కలు బంగారంలా పనికొస్తాయి. వాటికి గంజీ నీలిమందూ ఉండకూడదు. అచ్చు ఉన్న వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది.

పెట్టెలో దొంతరకు 8 చీరలు మించొద్దు. బరువైన కంచి చీరలు 700 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటాయి, అవి అడుగున. లైట్ వెయిట్ పట్టు పైన. పెట్టెలో ఇంకా చోటు మిగిలితే నూలు లంగాలు, మెత్తటి తువ్వాళ్లు పెట్టండి. జాకెట్టు, లంగా ఆ చీరతోనే కలిపి చుట్టేస్తే విడిగా వెతుక్కునే పని ఉండదు. హుక్కులున్న వైపు చీరకు తగలకుండా జాకెట్టును లోపలికి మడవండి.

టిష్యూ చీరలను (నేతలోనే జరీ కలిసినవి) మాత్రం అలా మడతలు మీద మడతలు పెట్టకండి. తానులకు వాడే అట్ట గొట్టం బట్టల దుకాణంలో అడిగితే ఇస్తారు. దానికి నూలు గుడ్డ చుట్టి, చీరను వెడల్పులో ఒక్కసారే సగానికి మడిచి, ఆ మడతలో చుట్టిన గుడ్డ వత్తి ఒకటి పెట్టి, గొట్టానికి వదులుగా చుట్టండి. గొట్టం 26 అంగుళాలు ఉంటే సరిపోతుంది. ఇది పెట్టెలో పట్టదు. నాలుగింటినీ మీతోపాటు రైల్లో తీసుకెళ్లడమే మంచిది.

గద్వాల చీరలకు ఇంకొక ఇబ్బంది ఉంది. ఒళ్లు నూలు, అంచూ పల్లూ పట్టు. తడిస్తే నూలు ముడుచుకున్నంత పట్టు ముడుచుకోదు, అతుకు దగ్గర ముడతలు పడతాయి, ఇస్త్రీకి కూడా పోవు. వాటిని అన్నిటికంటే పొడి పెట్టెలో, పై వరసలో పెట్టండి. ముదురు ఎరుపు, నీలం చీరల పక్కన తెలుపు, గంధం రంగువి వద్దు. చెమ్మకు రంగు దిగేది సర్దిన పెట్టెలోనే.

వాక్యూమ్ కవర్లు పట్టుకు అస్సలు వద్దు. గాలి తీసేసిన ఒత్తిడికి మడత గీత గట్టిగా పడి జరీ తీగ విరుగుతుంది. బొంతలకు, కంబళ్లకు, దిండ్లకు వాడుకోండి. అవి కూడా ఎండలో బాగా ఆరాకే.

కొత్త_ఇల్లు

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. మరి వానకు పట్టుచీరల పెట్టెకు ప్లాస్టిక్ చుట్టాలా వద్దా? ఒకరు చుట్టమంటారు, ఒకరు ప్లాస్టిక్‌లో చీర పాడవుతుందంటారు. కలరా ఉండల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

విశాఖ_తీరం

ఇద్దరు చెప్పేదీ నిజమేనండి, తేడా అంతా చోటులో, కాలంలో ఉంది. చీరను ఆనుకుని ప్లాస్టిక్ ఉండకూడదు. పగలు లారీ లోపల బాగా వేడెక్కుతుంది, రాత్రి వానకు చల్లబడుతుంది. కవరు లోపలున్న కాస్త తేమ కూడా చుక్కలుగా మారి ప్లాస్టిక్ గోడకు పడుతుంది. అది చీరకు తగిలితే మరక. కాబట్టి వరస ఇలా: చీర, నూలు గుడ్డ, అట్టపెట్టె, ఆ బయట మాత్రమే దళసరి పాలిథిన్. మామూలు నూలు, పాలియెస్టర్ బట్టలకైతే పెట్టె లోపలే పెద్ద కవరు పరిచి నింపేయొచ్చు.

పెట్టె విశాఖలో దిగిన రోజే బయటి పాలిథిన్ కోసేయండి. మంచాలు బిగించకపోయినా, వంటిల్లు సర్దకపోయినా ఈ పని ఆగకూడదు. సిలికా జెల్ 50 గ్రాముల పొట్లాలు పెట్టెకు రెండు చొప్పున మూలల్లో పెట్టండి. గుడ్డలో చుట్టి పెట్టాలి, జరీకి తగలకూడదు. తేమ పీల్చాక రంగు మారే రకం కొంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. చిన్నపిల్లలున్న ఇల్లు కాబట్టి సర్దేటప్పుడు, విప్పేటప్పుడు పొట్లాలు లెక్కపెట్టి తీయండి.

కలరా ఉండలు మీ ఇంటికి వద్దు. నాఫ్తలీన్ ఆవిరి బట్టల్లో నిలిచిపోతుంది. జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న పసిపిల్లలకు ఆ బట్టలు వేస్తే, ఆ దుప్పట్లో చుడితే ఎర్ర రక్తకణాలు చితికి రక్తహీనత, కామెర్లు రావచ్చు. లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. పాప బట్టలకే కాదు, పాపను ఎత్తుకునేవాళ్ల చీరలకు కూడా వద్దు. జరీకి నేరుగా తగిలితే దాన్నీ పాడు చేస్తుంది. ఇంకొకటి, పాత బట్టల్లో కలరా ఉండలున్నాయని తెలియక కొందరు కర్పూరం బిళ్లలు కూడా వేస్తారు. ఆ రెండూ కలిస్తే మామూలు వేడికే జిడ్డులా కరిగి బట్టకు పట్టేస్తాయి. బీరువాలో ఇప్పటికే ఉన్న ఉండల్ని ఏరేసి, ఆ బట్టలు రెండు రోజులు గాలికి ఆరబెట్టి అప్పుడు సర్దండి.

పురుగు సంగతికి వస్తే, మూడు నాలుగు రోజుల ప్రయాణానికి మందుల అవసరమే లేదు. పురుగు వచ్చేది మురికికి, గంజికి. సిల్వర్‌ఫిష్‌కు గంజి అంటే ఇష్టం. మీ నూలు చీరలను ఉతికి గంజి పూర్తిగా వదిలించి, పొడిగా సర్దండి. అక్కడికెళ్లాక మళ్లీ పెట్టుకోవచ్చు. ఎండిన వేపాకు పెట్టేవాళ్లు గుడ్డ సంచిలో పెట్టాలి. పచ్చిది వేస్తే అదే తేమ, అదే మరక.

కొత్త ఇంట్లో గోడలకు రంగు ఈమధ్యే వేసి ఉంటే బీరువాను గోడకు ఆనించకండి, నాలుగు వేళ్ల ఎడం ఇవ్వండి. రంగు, వార్నిష్ వాసన పోని కొత్త చెక్క అల్మరాలో జరీ చీరలు పెట్టొద్దు. సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో కూడా వద్దు, ఉప్పుగాలి జరీకి, బెల్టు బకిల్స్‌కు, జాకెట్టు హుక్కులకు దేనికీ మంచిది కాదు.

తోలు_పని

బూట్లు, బ్యాగులు నేను చెప్తాను.

ముందు ఏరివేత. చాలా కాలంగా వాడని స్పోర్ట్స్ షూ అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కి, వంచి చూడండి. పొడి రాలినా, చీలినా అది పాలీయురెథేన్ సోలు తేమకు విరిగిపోతున్న గుర్తు. విశాఖ గాలికి ఇంకా తొందరగా పోతుంది. అతికించినా నిలవదు, దాన్ని మోసుకెళ్లకండి.

తీసుకెళ్లేవాటి అడుగులు బ్రష్షుతో తోమి, తడిగుడ్డతో తుడవండి. ఉతికిన గుడ్డ బూట్లను లోపలి అట్టలు తీసేసి, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. వానాకాలంలో ఒక్కరోజు చాలదు. పైకి పొడిగా ఉన్నా ముందుభాగం లోపల తేమ ఉంటుంది. చెయ్యి దూర్చి వేళ్ల చోటు తాకితే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదన్నట్టే. తోలు బూట్లకు పాలిష్ వేస్తే ఒక రోజు ముందు వేసి గుడ్డతో రుద్దేయండి. తడి పాలిష్ మీద చుట్టిన కాగితం అతుక్కుంటుంది.

లోపల తెల్లకాగితం ఉండలు కానీ, శుభ్రమైన నూలు మేజోళ్లు కానీ కుక్కండి. ఆకారం నిలుస్తుంది, మేజోళ్లకు వేరే చోటు అక్కర్లేదు. జతలో ఒకదాని మడమ పక్కన రెండోదాని ముందుభాగం వచ్చేలా, అడుగులు బయటికి ఉండేలా కలిపి కాగితంలో చుట్టాలి. మెరిసే తోలుకు ప్లాస్టిక్ తగలకూడదు, వేడికి అతుక్కుని పై పొర లేచిపోతుంది. చిన్న పెట్టెకు పెద్దల జతలు 6 నుంచి 8 పడతాయి, పిల్లలవైతే ఇంకా ఎక్కువ. అడుగున బరువు బూట్లు, పైన చెప్పులు, శాండిల్స్. బూట్ల పెట్టెలో బట్టలు కలపొద్దు. కంపెనీ పెట్టెలు ఖరీదైన రెండు మూడు జతలకే ఉంచుకోండి, అన్నిటికీ వాడితే పెట్టెలు రెట్టింపవుతాయి. పాలిష్ డబ్బాలు, సెంటు, నెయిల్ పాలిష్ వీటితో పెట్టకండి.

హ్యాండ్‌బ్యాగుల్లో కూడా తెల్లకాగితం కుక్కి, పట్టీలు లోపలికి మడిచి నిలువుగా సర్దండి. నల్ల బ్యాగుకు లేతరంగు బ్యాగు ఆనితే రంగు దిగుతుంది, మధ్య గుడ్డ ఉండాలి. బెల్టులను గట్టిగా చుట్టకండి, తోలు పగులుతుంది. పెట్టె లోపలి గోడ వెంబడి పొడవుగా తిప్పి పెడితే సరిపోతుంది, బకిల్‌కు గుడ్డ చుట్టాలి.

లారీ_లోడింగ్

సూట్ల మాట ఎవరూ చెప్పలేదు. ప్యాకర్లను అడిగితే లోపల కడ్డీ ఉన్న నిలువు అట్టపెట్టె ఇస్తారు, దానికి విడిగా తీసుకుంటారు. మూడు సూట్లకు అక్కర్లేదు. కోటును ఒక భుజం వైపు లోపలి బట్ట బయటికి వచ్చేలా తిప్పి, రెండో భుజాన్ని అందులో దూర్చండి. నిలువుగా సగానికి వస్తుంది. మధ్యలో తువ్వాలు చుట్ట పెట్టి అడ్డంగా ఒక్కసారే మడవండి. పెద్ద పెట్టెలో అన్నిటికంటే పైన ఉంచండి. షేర్వాణీకి జర్దోసీ పని ఉంటే హ్యాంగరుకు వేలాడదీయకండి, ఆ బరువుకు భుజాలు సాగుతాయి. పని లోపలికి వచ్చేలా గుడ్డ వేసి మడవాలి.

రోజువారీ హ్యాంగర్ల బట్టలకు చెత్త సంచి పద్ధతి ఊళ్లో మార్పుకు బాగుంటుంది: పది హ్యాంగర్లు కలిపి కట్టి, సంచిని కింది నుంచి పైకి లాగి మెడ దగ్గర ముడి వేయడం. 600 కిలోమీటర్లు దాటిన దారికి, అదీ పార్ట్ లోడ్‌లో, సంచి చిరుగుతుంది. హ్యాంగర్లు తీసి మడిచి పెట్టెలో పెట్టండి.

నేత_చీర

నగలు మిగిలాయి. గిల్టు నగలను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్కో వస్తువు ఒక్కో జిప్ కవర్లో, గాలి పిండేసి మూయండి. వన్ గ్రామ్ గోల్డ్ నల్లబడేది గాలిలోని తేమకు, చెమట జిడ్డుకు. సన్నటి గొలుసును స్ట్రాలో దూర్చి కొక్కెం పెట్టేస్తే చిక్కు పడదు. జుంకాలకు అరలున్న మందుల డబ్బా సరిపోతుంది. గాజు గాజులను గుడ్డ చుట్టిన అట్ట గొట్టానికి తొడిగి, రెండు చివర్లా గుడ్డ కుక్కండి.

లక్క గాజులు లారీలో వేయొద్దు. మూసిన లారీ వేడికి లక్క మెత్తబడి ఆకారం మారుతుంది, రాళ్లు ఊడతాయి. చేతిసంచిలో మీతోనే తీసుకెళ్లండి. ముత్యాలుంటే జిప్ కవరు కాదు, మెత్తటి గుడ్డ సంచి, మిగతా నగలకు విడిగా. ముత్యం మెత్తటిది, లోహం తగిలితే గీత పడుతుంది. బంగారం, వెండి లారీకి అసలు ఇవ్వకూడదు, రవాణా బీమాలో సాధారణంగా నగలకు, నగదుకు వర్తింపు ఉండదు. ప్రతి వస్తువు ఫొటో తీసి పెట్టుకోండి.

కొత్త_ఇల్లు

ఒక్కటే మిగిలింది. రైల్లో మాతో ఏమేం ఉంచుకోవాలి? వెళ్లిన మర్నాడు ఉదయమే పాలు పొంగించుకోవాలి, పాపకు బట్టలు కావాలి, పెద్దబాబుకు ఆ సోమవారమే కొత్త స్కూలు.

విశాఖ_తీరం

లారీ చెప్పిన రోజుకంటే రెండు రోజులు ఆలస్యమైనా గడిచేలా చూసుకోండి. మనిషికి 5 రోజుల బట్టలు, తువ్వాలు ఒక్కొక్కటి, పరుచుకునే దుప్పట్లు రెండు. పాపకు మాత్రం రోజుకు 5 జతల లెక్కన, వానకు ఆరవు కాబట్టి. బాబు కొత్త యూనిఫామ్, మేజోళ్లు, నల్లబూట్లు, బెల్టు ఒక సంచిలో కలిపి పెట్టండి, ఏ ఒక్కటి లారీలో పోయినా సోమవారం ఇబ్బంది.

పాలు పొంగించే రోజుకు మీ పట్టుచీర, జాకెట్టు, లంగా, మీవారి పంచె కండువా, పూజకు వాడే మడి బట్టలు విడి సంచిలో. చీరకు తగిన నగలూ అందులోనే. ఒక చిన్న సంచిలో పిన్నీసులు, సూది దారం, జాకెట్టు హుక్కులు, బట్టలారేసే తాడు, పది క్లిప్పులు వేసుకోండి. కొత్త ఇంట్లో దండెం కట్టడానికి మేకులుంటాయో లేదో ముందే అడిగి తెలుసుకోండి. టేపు కోసే కట్టరు మాత్రం ఈ సంచుల్లోనే ఉండాలి, ఏదో ఒక పెట్టెలో వేసి టేపు వేసేస్తే పట్టుచీరల పాలిథిన్ కోయడానికి చేతిలో ఏమీ ఉండదు.